సీమంతానికి ముందు

(ఉగాది ఉత్సవ సభలో ఒక డాక్టరు చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు డాక్టరుచేత ఉపన్యాసం ఇప్పిస్తున్నారంటే, పచ్చడిలో చేదు చాలలేదని కార్యదర్శిగారికి తోచినట్లున్నది! అయినా నేను చెప్పబోయే సంగతి మన ముంబయిలోనే మొదలయినది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు అప్పటి బొంబాయికి వచ్చారు. బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణులు రక్తం చాలక పాలిపోయి, కొందరు ప్రాణాలే విడుస్తున్న కాలమది. మన నేతపనివారెందరో ఆ మిల్లులనే నమ్ముకొని ఈ ఊరు చేరినారు. లోపం తిండిలో ఉన్నదని ఆమె కనిపెట్టారు. రొట్టెకు పూసుకొనే మార్మైట్ అనే చవక ఈస్టుసారం తినిపిస్తే రోగం తిరుగుముఖం పట్టింది. 1931లో ఆ సంగతి ప్రకటించారు. 1941లో పాలకూరనుండి ఒక విటమినును వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లాటిను భాషలో ఫోలియం అంటే ఆకు. ఈస్టుసారంలో పనిచేసినది ఈ జాతి విటమినే.

ఇది రక్తం కథ. మెదడు కథ తరువాత తెలిసింది. తొలి వారాలలో పిండం వీపున పలుచని పలక ఒకటి ఉంటుంది. దాని అంచులు లేచి, తమలపాకు చుట్టినట్లు చుట్టుకొని గొట్టమవుతుంది. మెదడు, వెన్నుపాము దానినుండే ఏర్పడాలి. అందుకు కణాలు శరవేగంతో రెట్టింపు కావాలి, ప్రతిసారీ డి.ఎన్.ఎ. కొత్తగా తయారుకావాలి. ఆ తయారీకి కర్బనం మోసే కూలీ ఈ ఫోలిక్ ఆమ్లం. మూట దించేవాడు బి12 విటమిను. వాడు లేకపోతే కూలీ మూటతోనే నిలబడిపోతాడు. ఆకుకూరల్లో బి12 లేదు; శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం.

ఆ గొట్టం 28 రోజులకల్లా మూసుకోవాలి. అప్పటికి అమ్మాయికి నెల తప్పిందో లేదో అనుమానమే! మూడో నెలదాకా మనం పైకి చెప్పము. సీమంతం చేసి, పుట్టింటికి తీసుకువెళ్ళి, ఆకుకూరపప్పు కొసరి కొసరి వడ్డిస్తాము. ఆ తిండి రక్తానికి మంచిదే. గొట్టానికి మాత్రం అందదు.

నా దగ్గరకు ఒక అత్తగారు కోడలిని తీసుకువచ్చారు. తొలిబిడ్డ వెన్ను మూసుకోక పుట్టి దక్కలేదు. గ్రహణం వేళ కూర తరిగిందని ఆవిడ ఆరోపణ. “గ్రహణం ఏ నెలలో పట్టిందమ్మా?” అన్నాను. “ఏడో నెలలో.” “మొదటి నెలలోనే మూసుకోవలసినదాన్ని ఏడో నెల గ్రహణం ఎట్లా తెరిచింది?” ఆవిడ చాలసేపు మాటాడలేదు.

ఇటువంటి తల్లులకు గర్భానికి ముందునుండీ ఫోలిక్ ఆమ్లం ఇచ్చి, ఏడు దేశాలలో పరీక్ష జరిపారు. లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో తేలింది. పూర్తిగా పోలేదు, మాత్ర వేసుకొన్నా కొందరికి వస్తుంది, అది ఎవరి తప్పూ కాదు. మామూలుగా బిడ్డను కోరుకొనే అమ్మాయికి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. కనీసం నెల ముందు మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా వాడాలి. ముందు ఇట్లా జరిగినవారికి పదిరెట్లు కావాలి. అది డాక్టరు చెప్పి ఇవ్వవలసినదే.

ఆ కోడలికి చీటీ రాసి ఇచ్చాను. అత్తగారే అందుకొని, మడిచి, కొంగున ముడివేసుకొన్నారు.