క్యారీలో అశ్విని కార్తె
(క్యారీలో జరిగిన తెలుగువారి వసంత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వసంతం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. వసంతం అనగానే మామిడి చిగురు, కోయిల, వేపపూత గుర్తొస్తాయి. నేను మాత్రం మా అమ్మ నాటిన పన్నెండు వంగమొక్కల గురించి చెబుతాను.

ఇది 2007 నాటి సంగతి. ఆ ఏడు మార్చి నెలలోనే ఇక్కడ ఎండలు ముదిరాయి. విజయనగరం దగ్గర మా పల్లె నుంచి అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. మేమిద్దరం ఆఫీసులకి, పిల్లలు బడికి పోతే పగలంతా ఆవిడ ఒక్కతే. కారు నడపటం రాదు, టీవీలో మాట్లాడేది అర్థం కాదు. ఆవిడకి తనదంటూ దొరికింది మా పెరడు ఒక్కటే. ఇక్కడి ఎర్రమట్టి చూసి "ఇది మన నేలేరా" అని మురిసిపోయింది. పెరుగు డబ్బాలకి అడుగున చిల్లులు పెట్టి కిటికీ పక్కన వంగ, మిరప, టమాటా నారు పోసింది. ఉగాది వెళ్ళాక, మార్చి చివర్లో, అన్నీ బయట నాటింది. ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు మొక్కల కబుర్లే.

ఏప్రిల్ మొదటి వారంలో, ఈస్టర్ ముందు, వాతావరణశాఖ వాళ్ళ హెచ్చరిక నేను ఆఫీసులో చూశాను. ఇంటికొచ్చి భోజనాల దగ్గర అన్నాను: "అమ్మా, ఈ రాత్రి మంచు పడుతుందట." ఆవిడ "పడనీ, మొక్కకి మంచిదే" అంది. నేను వెళ్ళి పడుకున్నాను.

మిత్రులారా, పొరపాటంతా ఆ ఒక్క మాటలో ఉంది. మన భాషలో పొగమంచూ మంచే, ఆకుమీద చెమ్మా మంచే, స్నో కూడా మంచే. మా అమ్మకి తెలిసింది సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే ముగ్గు తడిపే మంచు. మన్యంలో లంబసింగి లాంటి చోట్ల చలికాలంలో గడ్డి మీద తెల్లగా పేరుకుంటుందని వింటాం గానీ, మైదానంలో పుట్టి పెరిగిన ఆవిడ దాన్ని ఎన్నడూ చూడలేదు. "మొక్కలు చచ్చిపోతాయి, దుప్పటి కప్పుదాం రా" అని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. చెప్పాననుకున్నాను.

తెల్లారి చూస్తే మొక్కలన్నీ వేడినీళ్ళు పోసినట్టు నల్లగా వాలిపోయి ఉన్నాయి. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మడి పక్కన కూర్చుని, "ఈ ఊరి కార్తెలు నాకేం తెలుసురా" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

నష్టం మా ఒక్కరిదే కాదు. ముందు వచ్చిన ఎండలకి తొందరపడి పూసిన పీచ్, ఆపిల్ చెట్లూ, గోధుమ చేలూ ఆ వారం ఆగ్నేయ రాష్ట్రాల్లో దెబ్బతిన్నాయి. ఉత్తరం నుంచి దిగిన చలిగాలి వరసగా కొన్ని రాత్రులు వదల్లేదు.

ఆ మధ్యాహ్నం పక్కింటి పెద్దాయన కంచె దగ్గరికి వచ్చాడు. ఇక్కడే పుట్టిన మనిషి. మొక్కల్ని చూసి, "దీన్ని మేం డాగ్‌వుడ్ చలి అంటాం. డాగ్‌వుడ్ పూసినప్పుడు ఒక చలి, బ్లాక్‌బెర్రీ పూసినప్పుడు ఇంకో చలి వస్తాయి" అన్నాడు. నేను తెలుగులో చెబితే అమ్మ ముఖం విప్పారింది. "అయితే వీళ్ళకీ కార్తెలున్నాయన్నమాట!" అంది.

ఆ సాయంత్రం పంచాంగం తీసింది. అశ్విని కార్తె ఏప్రిల్ పద్నాలుగు ప్రాంతాల మొదలవుతుంది. క్యారీ వైపు చివరి ఫ్రాస్ట్ కూడా సగటున ఏప్రిల్ మొదటి పక్షంలోనే ముగుస్తుంది. "అశ్విని వచ్చేదాకా నారు గడప దాటకూడదు" అని సూత్రం కట్టింది. సగటు సగటే కనుక కొన్నేళ్ళు ఆ తరువాత కూడా ఫ్రాస్ట్ పడుతుంది. పడమట బ్లూరిడ్జ్ కొండల్లో అయితే మే నెల దాకా భయమే.

ఆ కొండల సంగతీ ఆవిడ పట్టేసింది. అక్కడ జల్లులు పడి, మబ్బు తూర్పుకి సాగిపోయి, గాలి ఆగి, ఆకాశం తేటపడిన రాత్రి ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మబ్బు నేలకి దుప్పటి లాంటిది. అది తొలిగితే పగటి వేడంతా పైకి పోతుంది. పైగా వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత మనిషి ఎత్తున కొలిచింది. నేలబారున ఇంకా తక్కువ ఉంటుంది. అందుకే 36 డిగ్రీలన్నా ఆకు మీద ఫ్రాస్ట్ పట్టవచ్చు. పాత దుప్పటి నేల దాకా దించి కప్పితే నేల వేడి లోపల నిలుస్తుంది. ప్లాస్టిక్ అయితే ఆకుకి తగలనివ్వకూడదు. ఎండ రాగానే తీసెయ్యాలి.

ఆ ఏప్రిల్ చివర్లో అమ్మ మళ్ళీ నారు తెచ్చి నాటింది. ఆగస్టులో ఊరికి వెళ్ళే ముందు, తను పండించిన వంకాయలతోనే గుత్తివంకాయ చేసి పక్కింటికి పంపింది. ఇప్పుడు ప్రయాణాలు చెయ్యలేదు. కానీ ఏటా ఏప్రిల్‌లో ఫోన్ చేసి అడుగుతుంది: "కొండల్లో వాన పడిందా? నారు లోపలే ఉంచావా?"

మీలో చాలామంది అమ్మానాన్నల్ని ఈ వసంతంలోనే పిలిపించుకుంటారు. వాళ్ళకి కోట్లు, చెప్పులు కొంటాం, బీమా తీసుకుంటాం. వాటితోబాటు సాయంత్రం ఒక్క అయిదు నిమిషాలు పక్కన కూర్చుని, ఈ రాత్రి ఎంత చలి పడుతుందో, దానివల్ల ఏమవుతుందో వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. పెరట్లో మొక్కలుంటే దుప్పటి మీరే తీసుకెళ్ళండి. ఒక కొస వాళ్ళ చేతికివ్వండి.