తోటలో ఒక్క చెట్టు

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటురోడ్డు ఎక్కిన శ్రోతలు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగెల నడుమ కాఫీ మొక్కలను చూచియే యుందురు. చూపునకు అన్నియు ఒక్క తీరే, గుణములు వేరు.

ఆకు అడుగున నారింజరంగు పొడివలె పుట్టు తుప్పు తెగులు 1869లో సింహళమున బయలుదేరి అచటి కాఫీ తోటలను నాశనము చేసినది. 1911లో మైసూరు సీమలో, తెగులు సోకిన తోట నడుమ పచ్చగా నిలిచిన చెట్టు నొకదానిని కెంట్ అను దొర గుర్తించి, దాని విత్తనమును వ్యాపింపజేసెను. కొంతకాలమునకు తెగులు రూపు మార్చుకొని ఆ వంగడమునూ లోబరచుకొన్నది. పిమ్మట బాళెహొన్నూరు పరిశోధన కేంద్రమువారు, లైబీరికా జాతి అంశ గల మరొక అరుదైన రకముతో దానిని సంకరపరచి ఎస్. 795ను రూపొందించిరి. మన మన్యమున గిరిజనులు పెంచు రకములలో అది యొకటి. దాని నిరోధశక్తియు క్రమముగా సన్నగిల్లినది. కనుక అన్వేషణ ఆగలేదు.

అరబికా పువ్వు చాలవరకు తన పుప్పొడితోనే కాయ కట్టును. అందుచే మేలైన చెట్టు విత్తనము తల్లిగుణమును తెచ్చు అవకాశము హెచ్చు. బాగుగ పండిన పండ్లనే కోసి, తోలు తీసి, బూడిద పట్టించి, నీడన ఆరబెట్టి, ఎక్కువకాలము దాచక నారు పోయవలెను. మూడు నాలుగేండ్లకు కాపు వచ్చును.

తెగులు నడుమ చెక్కుచెదరని చెట్టు కనబడినచో, కాపు తక్కువయని గొడ్డలి పెట్టకుడు. రేపటి తోట దానియందే యుండవచ్చును.