బిడ్డ ఊపిరి లెక్క
(ఖమీస్ ముషైత్ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఖమీస్‌కు వచ్చిన కొత్తలో ఎట్లుండెనో ఒకసారి యాదికి తెచ్చుకుందాం. రెండు అంతస్తులు మెట్లెక్కితే ఆయాసం, కొందరికి తలనొప్పి. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి పలచన, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ తక్కువ. అందుకని ఒళ్లు తనంతట తానే ఎక్కువ ఊపిరి తీస్తుంది. దాంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో ఆమ్లం తగ్గుతుంది. ఆ తేడాను మూత్రపిండాలు కొన్ని రోజుల్లో సరిచేస్తాయి.

ఊపిరికీ రక్తంలోని ఆమ్లానికీ ఉన్న ఈ ముడి మనకు నాలుగు రోజుల ఇబ్బంది. అప్పుడే పుట్టిన బిడ్డకు మాత్రం ప్రాణం మీది సంగతి.

మనలో చాలామంది బిడ్డ పుట్టినప్పుడు పక్కన లేరు. జగిత్యాలలోనో, నిజామాబాద్‌లోనో, కడపలోనో కాన్పు అయితే, మనం ఇక్కడ వీడియో కాల్‌లో మొహం చూశాం. మా గదిలో ఒక తమ్ముడికి నిరుడు బాబు పుట్టాడు. నాలుగో రోజు ఫోన్‌లో చూస్తే బిడ్డ పొట్ట గబగబా ఎగురుతోంది. ఇంట్లోవాళ్లు "పడిశం పట్టింది, తెల్లారనీ" అన్నారు. నిమిషంపాటు లెక్కపెట్టాం. 72 వచ్చింది. మళ్లీ లెక్కపెట్టినా అంతే. ఆ రాత్రే ఆస్పత్రికి పంపించాం, బిడ్డ దక్కాడు. ఈ లెక్క అందరికీ తెలియాలని అప్పుడే అనుకున్నాం.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, ద్రవం నిండి ఉంటుంది. ఆక్సిజన్ రావడం, కార్బన్ డయాక్సైడ్ పోవడం అంతా మాయ, బొడ్డుతాడు ద్వారానే. పుట్టగానే ఆ పని ఊపిరితిత్తులు అందుకోవాలి. మొదటి ఏడుపులతో గాలి లోపలికి పోతుంది, ద్రవం ఇంకిపోతుంది.

రక్తంలో ఆమ్లాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. మామూలుగా అది 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. అంకె తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. నొప్పుల సమయంలో ప్రతి బిడ్డకూ కొంత తగ్గుతుంది. పుట్టాక బాగా ఊపిరి తీస్తే సర్దుకుంటుంది. ఊపిరి అందకపోతే రెండు దెబ్బలు. కార్బన్ డయాక్సైడ్ లోపలే ఉండి ఆమ్లమవుతుంది. ఆక్సిజన్ లేక ఒళ్లు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆమ్లం పెరిగితే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ 7.0 కంటే తగ్గితే మెదడుకు ప్రమాదమని డాక్టర్లు కనిపెట్టి చూస్తారు. అందుకే ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషంలోనే మాస్కుతో గాలి అందించాలంటారు. తలకిందులుగా పట్టి కొట్టడం వైద్యం కాదు. కాన్పు ఆస్పత్రిలోనే కావాలనేది ఇందుకే.

ఇంటికి వచ్చాక చూడాల్సినవి ఇవి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచిందో పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. మామూలుగా 40 నుంచి 60 మధ్య ఉంటుంది. 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టాలి. మళ్లీ అంతే ఉంటే ఆస్పత్రికి పోవాలి. పక్కటెముకల కింద గుంట పడటం, ముక్కుపుటాలు ఎగరడం, ఊపిరి వదిలేటప్పుడు మూలగడం, పెదాలు, నాలుక నీలంగా మారడం, పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం, వీటిలో ఒక్కటున్నా ఆగొద్దు.

బిడ్డ చల్లబడితే ఆక్సిజన్ ఎక్కువ ఖర్చవుతుంది, ఆమ్లం పెరుగుతుంది. కనీసం 24 గంటలు స్నానం వద్దు. తల్లి ఛాతీకి ఆనించి, బట్ట కప్పి ఉంచాలి. సాంబ్రాణి పొగ వద్దు, ముక్కులో నూనె చుక్కలూ వద్దు.

ఊళ్లో అయితే 108కి ఫోన్ చేయించండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, రవాణా ఉచితం. ఆస్పత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చిందా అని అడగండి. ఇక్కడ కుటుంబంతో ఉన్నవాళ్లు 997కి ఫోన్ చేయండి. ఈ ఎత్తులో వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు అంకె కాస్త తక్కువ చూపొచ్చు. అది చూసి మనమే తేల్చుకోవద్దు, డాక్టరుకే వదిలేయాలి.

చివరగా ఒక్క మాట. అక్కడ కోడలు భయపడినా నోరు విప్పలేదు. పెద్దవాళ్లు ఖర్చుకు వెనకాడి తెల్లారనీ అంటారు. దూరాన ఉన్నా మన మాటకు ఇంట్లో విలువుంది. "పైసల సంగతి మేం చూసుకుంటాం, ఇప్పుడే బయల్దేరండి" అని మనమే చెప్పాలి. ఈ పేజీని ఫొటో తీసి ఈ రాత్రే ఇంటికి పంపండి.