టిప్పు ఎవరి జేబులోకి పోతోంది? భద్రాచలం భోజనం హోటల్ లెక్క

మాది ఎర్రుపాలెం అని రెగ్యులర్‌గా చూసేవాళ్లకి తెలుసు. జమలాపురం వెంకన్న గుడి మా మండలంలోనే ఉంది. శనివారం వచ్చిందంటే ఫుల్ రష్. దర్శనం అయ్యాక భద్రాచలం ప్లాన్ చేసేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మంచి భోజనం ఎక్కడ దొరుకుద్ది బ్రో?" అని. దాని తర్వాత రావాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. తిన్నాక సర్వర్‌కి ఎంత ఇవ్వాలి? అసలు ఇవ్వాలా?

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. టిప్పు వేరు, సర్వీస్ ఛార్జ్ వేరు. టిప్పు అంటే మనం ఇష్టపడి సర్వర్ చేతిలో పెట్టేది. సర్వీస్ ఛార్జ్ అంటే హోటల్ వాళ్లు బిల్లులో కలిపేది, ఐదు శాతమో పది శాతమో. చాలామంది అది గవర్నమెంట్ పన్ను అనుకుని కట్టేస్తారు. కాదు. పన్ను అంటే జీఎస్టీ. మామూలు రెస్టారెంట్లలో అది 5 శాతం, బిల్లులో రెండున్నర, రెండున్నర అని రెండు లైన్లలో కనిపిస్తుంది. సర్వీస్ ఛార్జ్ అని ఇంకో లైన్ ఉంటే అడగండి.

2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అదే సీసీపీఏ, క్లియర్‌గా చెప్పింది: సర్వీస్ ఛార్జ్ బిల్లులో ఆటోమేటిక్‌గా వేయకూడదు, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి. 2025 మార్చి 28న కోర్టు సీసీపీఏ మాటే కరెక్ట్ అంది. అందుకని "ఇది తీసేయండి" అని మర్యాదగా అడగొచ్చు. తీయకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్.

ఇంతవరకూ బానే ఉంది. నాకు నచ్చనిది దీని తర్వాత జరిగేది. సర్వీస్ ఛార్జ్ తీయించి, దాని మీద రీల్ పెట్టి, సర్వర్‌కి రూపాయి ఇవ్వకుండా వచ్చేస్తారు. గొడవ ఓనర్‌తో, నష్టం మాత్రం సర్వర్‌కి!

ఇప్పుడు భద్రాచలం వెళ్దాం. శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో కల్యాణం, ముక్కోటికి గోదాట్లో తెప్పోత్సవం. ఆ రెండు రోజులూ ఏ హోటల్లో చూసినా తినేవాళ్ల వెనకాల ఇంకొకళ్లు నిలబడి ఉంటారు, ఎప్పుడు లేస్తారా అని. ఆ మధ్యలోంచి సాంబారు బకెట్ పట్టుకుని తిరగాలి సర్వర్. ఒకసారి కూర్చుని లెక్కపెట్టా. నీళ్లు, పప్పు, కూర, వేపుడు, పచ్చడి, అన్నం, నెయ్యి, మళ్లీ అన్నం, సాంబారు, రసం, మళ్లీ అన్నం, పెరుగు. ఒక్క టేబుల్‌కి పన్నెండు సార్లు వచ్చాడు. "అన్నా, ఇంకొంచెం పప్పు" అన్నవి నేను కలపలేదు.

నలుగురు తింటే బిల్లు ఆరొందలు అనుకోండి. అదే ఏసీ రెస్టారెంట్లో బిర్యానీ, స్టార్టర్లు కలిపి రెండువేల ఐదొందలు. అక్కడ సర్వర్ వచ్చింది నాలుగైదు సార్లు. పది శాతం లెక్కన అక్కడ రెండొందల యాభై, ఇక్కడ అరవై. ఎక్కువ నడిచినవాడికి తక్కువ! ఇక్కడ ఆ అరవై కూడా ఎవరూ ఇవ్వరు. "మీల్స్ హోటల్లో టిప్పేంటి బ్రో" అంటారు.

ఈ శాతం లెక్క అమెరికా నుంచి వచ్చింది. అక్కడ దానికో కారణం ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులు తీసుకునే ఉద్యోగికి ఓనర్ గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు. 1991 నుంచి అదే రేటు. మిగతాది టిప్పులతో 7.25 డాలర్లకి చేరాలి, చేరకపోతే ఓనర్ కలపాలి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఈ పద్ధతి లేదు, పూర్తి జీతం ఇవ్వాల్సిందే. డాలస్ నుంచి వచ్చిన మా ఫ్రెండ్స్ ఇక్కడ కూడా 18 శాతం లెక్కేస్తుంటే నాకు నవ్వొస్తుంది. కానీ ఇవ్వడం మాత్రం మర్చిపోరు, అది ఒప్పుకోవాలి. జపాన్‌లో అయితే టిప్పు ఇవ్వబోతే తీసుకోరు, డబ్బులు మర్చిపోయారనుకుని వెనకాలే తెచ్చి ఇచ్చినా ఇస్తారు.

మన దగ్గర అసలు దెబ్బ వేరే చోట పడింది. యూపీఐ. ఇంతకుముందు చిల్లర సోంపు ప్లేట్లో మిగిలేది, ఆ పదో ఇరవయ్యో అలా వదిలేసేవాళ్లం. ఇప్పుడు పైసలతో సహా కరెక్ట్‌గా కొడతాం. నేను కోడింగ్ నుంచి వచ్చినవాణ్ణి, యూపీఐ అంటే నాకూ ఇష్టమే. కానీ కౌంటర్ దగ్గరున్న స్కానర్ ఓనర్ అకౌంట్‌ది. "ఇరవై ఎక్కువ కొట్టాను, ఆ అన్నకివ్వండి" అంటే ఇస్తారో లేదో మనకి తెలియదు. భద్రాచలంలో ఒక సర్వర్ నాతో అన్నాడు, "ఫోన్లు వచ్చాక చాయ్ పైసలు కూడా పోయినయ్ తమ్మీ" అని. ఆయనకి యాభై దాటి ఉంటాయి. అంతకు ఐదు నిమిషాల ముందే ఇంటర్ కుర్రాడొకడు ఆయన్ని "ఏయ్, ఇటు రా" అని చిటికేసి పిలిచాడు. అన్నా అంటే ఏం పోద్ది?

ఇంకొకటి. అన్నం ఉడకలేదా, లేటయిందా, అది లోపల మాస్టర్ చేతిలోనో, మనుషుల్ని పెట్టని ఓనర్ చేతిలోనో ఉంటుంది. తిట్లు మాత్రం సర్వర్‌కి పడతాయి. కంప్లయింట్ ఉంటే కౌంటర్ దగ్గర చెప్పండి.

నా లెక్క చెప్తా. మీల్స్ హోటల్లో మనిషికి పది. పిల్లలు సాంబారు ఒలకబోస్తే ఇంకో ఇరవై, అది టేబుల్ తుడిచే క్లీనర్‌కి. టోకెన్ తీసుకుని మనమే ప్లేటు తెచ్చుకునే టిఫిన్ సెంటర్లో ఏమీ అక్కర్లేదు. గుడి అన్నదానంలో వడ్డించేవాళ్లకి ఇవ్వబోకండి, ఇవ్వాలనుంటే హుండీ ఉంది. సర్వీస్ ఛార్జ్ కట్టేశారా, ఇంక టిప్పు మీ ఇష్టం. కట్టలేదా, చేతికివ్వండి. టూర్ బయల్దేరేముందే ఏటీఎంలో ఐదొందలు తీసి, బస్టాండ్‌లో పదులు, ఇరవైలుగా మార్చి పెట్టుకోండి. చిల్లర లేకపోతే "అన్నా, నీ నంబర్ చెప్పు" అని ఆయన ఫోన్‌కే కొట్టండి. కొన్ని హోటళ్లలో డ్యూటీలో ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వరు, అందుకే నోట్లు బెటర్.

సరే, వచ్చే వారం పాపికొండలు. బోటు టికెట్‌లో భోజనం ఉంటే అక్కడ వడ్డించేవాళ్ల సంగతేంటో అప్పుడు చూద్దాం.