జహీరాబాద్‌లో ఆగిన బండి



మన రోడ్ల మీద కూరగాయలు, కొబ్బరికాయలు వేసుకుని తిరిగే చిన్న లారీల్లాంటి బండిని ఒకప్పుడు తెలుగునేల మీదే తయారుచేశారు. పేరు ఆల్విన్ నిస్సాన్.

1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి అండతో పుట్టిన ఆల్విన్ సంస్థ బస్సులకు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, జపాన్ సీకోతో కలిసి చేతి గడియారాలూ తెచ్చింది. 1980లలో కేంద్రం తేలికపాటి లారీల కోసం జపాన్ సంస్థలతో పొత్తులకు తలుపు తీసింది. నాలుగు జోడీలు బరిలోకి దిగాయి: డీసీఎం-టయోటా, ఐషర్-మిత్సుబిషి, స్వరాజ్-మజ్దా, ఆల్విన్-నిస్సాన్. ఆల్విన్ వారి బండి క్యాబ్‌స్టార్, కర్మాగారం జహీరాబాద్‌లో. దానికి ముందు పొడుగాటి బానెట్ ఉండదు, డ్రైవర్ కూర్చునేది ఇంజిన్ మీదే. అంత మేరా వెనక సరుకుకు చోటు మిగులుతుంది, ఇరుకు సందులో తిప్పుకోవడమూ సులువే.

చిక్కు విడిభాగాల దగ్గర వచ్చింది. కీలకమైనవి చాలావరకు జపాన్ నుంచి రావాలి, డబ్బు యెన్‌లలో కట్టాలి. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు దేశాలు చేసుకున్న ఒప్పందంతో యెన్ విలువ ఎగబాకింది. డాలరుకు 240 దాకా పలికిన యెన్‌లు రెండేళ్లు దాటేసరికి 120 దరిదాపులకు దిగాయి. అదే పెట్టె, అదే సామాను, ధర రెట్టింపు. పైగా 1986లో పోటీగా టాటా 407 లారీ రోడ్డెక్కింది. 1989లో మహీంద్రా ఆల్విన్ నిస్సాన్‌ను చేతిలోకి తీసుకుని, 1990ల నడుమ తనలో కలిపేసుకుంది.

   

ఇప్పుడు అదే జహీరాబాద్‌లో మహీంద్రా కరెంటు ఆటోలు తయారవుతున్నాయి. వాటి బ్యాటరీల్లో వాడే లిథియం సెల్స్ మన దేశానికి ఇప్పటికీ ఎక్కువగా విదేశాల నుంచే రావాలి. ఈ రోజు ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నవారిలో కొందరు రేపు ఇలాంటి కర్మాగారాల్లోనే చేరతారు. మోటారు డ్రాయింగుతో పాటు ఆ సెల్స్ ఇన్‌వాయిస్ కూడా వాళ్ల బల్ల మీదికి వస్తుంది. దాన్ని అకౌంట్స్ వాళ్ల పనిగా పక్కన పెట్టకుండా, ఏ దేశం, ఏ కరెన్సీ, బండి ధరలో ఎంత శాతం అని మూడు గళ్లు గీసి రాసుకుంటే ఆల్విన్ వారికి అందని లెక్క వాళ్లకు ముందే అందుతుంది.