కొంచెం రేడియేషన్ మంచిదంట, నిజమేనా?



చాపాడులో పట్టాలు అందుకున్న మీ ముందు మైకు పట్టుకుని యురేనియం ఊసెత్తకపోతే ఎట్లా? పులివెందుల దగ్గర తుమ్మలపల్లె గని 2012 నుంచి నడుస్తోంది. మీలో కొందరికి అది ఇంటిదారే. రేపు ఊళ్లో ఎవరో అడుగుతారు: ‘అంత చదివినావు గదా, కొంచెం రేడియేషన్ ఒంటికి మంచిదంట, నిజమేనా?’

ఆ మాట ఊరికే పుట్టలేదు. 1984లో ఒలివియెరీ, బోడికోట్, వోల్ఫ్ అనే ముగ్గురు మనిషి తెల్ల రక్తకణాలకు ముందు రవ్వంత రేడియేషన్ తగిలించి, తర్వాత ఎక్స్‌రేలు గట్టిగా పట్టించారు. ముందే రుచి చూసిన కణాల్లో క్రోమోజోములు అనుకున్నంతగా విరగలేదు. కణంలోని మరమ్మతు వ్యవస్థ ముందే మేలుకుందన్నమాట. చక్కని ప్రయోగమే. గాజుపాత్రలో కొన్ని గంటలు కనబడిన రక్షణ ఒంట్లో ముప్పయ్యేళ్లు నిలుస్తుందా అన్నదగ్గరే పేచీ.

2005లో ఫ్రెంచి అకాడమీలు తక్కువ మోతాదు ముప్పును పెద్దది చేసి చూపుతున్నారన్నాయి. అదే ఏడాది అమెరికా అకాడమీల కమిటీ ఎంత తక్కువైనా అంతకు తగ్గ ముప్పు ఉంటుందనే పద్ధతికే కట్టుబడింది. కేరళ కరునాగపల్లి మోనజైట్ ఇసుక మీద బతికేవారిలో క్యాన్సర్ పెరగలేదని 2009 అధ్యయనం చెప్పింది. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో మూడు లక్షల పైచిలుకు అణు కార్మికుల లెక్క 2023లో తీస్తే, మోతాదుతోపాటు క్యాన్సర్ మరణాలూ పెరిగాయి. నియమాలు రాసేచోట నా మొగ్గు ఈ కార్మికుల లెక్కవైపే.

కానీ కె.కె. కొట్టాల రైతు అడిగేది ఇది కాదు. గని వ్యర్థాల చెరువు దాపున బోర్లు చెడిపోయాయని మొరపెట్టుకున్న ఊరది. మన తుమ్మలపల్లె యురేనియం ఖనిజం డోలమైట్ రాతిలో ఉంది. అందుకే ఆమ్లం వాడకుండా సోడియం కార్బనేటుతో కరిగిస్తారు. కార్బనేటు ఉన్న నీళ్లలో యురేనియం సులువుగా కదులుతుంది. తాగే నీళ్లలో చేరితే అది ముందు దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ రేడియేషన్‌తో కాదు, లోహపు విషంతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములని గీత గీసింది ఆ విషాన్ని చూసే. కొంచెం రేడియేషన్ మంచిదన్న మాట రేపు నూటికి నూరుపాళ్లు రుజువైనా రైతు తాగే చెంబు నీళ్ల సంగతి మారదు. రేడియేషన్ సంగతీ నీళ్ల సంగతీ ఒకటే అన్నట్టు మాట్లాడి రైతును సముదాయించే పెద్దమనుషులుంటారు, వాళ్లదగ్గరా పట్టాలుంటాయి.

మీరు బోరు దగ్గరికి పొండి. కాసేపు మోటారు ఆడనిచ్చి, సీసాను ఆ నీళ్లతోనే కడిగి నీళ్లు పట్టండి. తేదీ, బోరు లోతు రాయండి. ప్రయోగశాల ఇచ్చిన అంకె ఎక్కువున్నా, తక్కువున్నా ఆ కాగితం రైతు చేతికే ఇవ్వండి.