పాత మీటరు నేర్పిన పాఠము

(పాఠశాల తల్లిదండ్రుల సభలో భౌతికశాస్త్రోపాధ్యాయుల పక్షమున చేసిన ప్రసంగము)



మా ప్రయోగశాలలోని ఒక పాత మీటరును గూర్చి నాలుగు మాటలు విన్నవించుటకు మీ యెదుట నిలిచినాము. గత వేసవిలో బీరువాలు సర్దునపుడు పనికిరాని సామాను నొక మూల చేర్చి, తూకమునకు అమ్మివేయవలెనని నిర్ణయించిరి. ఆ కుప్పలో ఏ.వి.ఓ. ఎనిమిదవ నమూనా మీటరు కూడ నుండెను. దానిని పాత ఇనుము క్రింద ఇచ్చుటకు మాకు మనసొప్పలేదు. బాగుచేసి చూతుము, కాకున్న అమ్మివేయుదురు గాక యని గడువు కోరితిమి.

ఈ మీటరు పుట్టుక ముచ్చటైనది. బ్రిటిషు తపాలా శాఖలో ఇంజనీరగు డోనాల్డ్ మెకాడీ, విద్యుత్ప్రవాహమును, వోల్టేజిని, నిరోధమును కొలుచుటకు వేరువేరు పరికరములు మోయలేక విసిగి, మూడింటిని ఒకే పెట్టెలో కూర్చెను. 1923లో అది అమ్మకమునకు వచ్చెను. ఆంపియరు, వోల్టు, ఓము అను మూడు మాటల తొలి అక్షరములే దాని పేరు. ఎనిమిదవ నమూనా 1951లో వెలువడి, చిన్న చిన్న మార్పులతో 2008 వరకు తయారగుచుండెను. తయారీ నిలిచిన పరికరమునకు విడిభాగములు దొరకుట ఎంత కష్టమో మీ రెరుగుదురు.

ఓములు కొలుచుటకు దీనికి రెండు బ్యాటరీలు కావలెను. 1.5 వోల్టులది ప్రతి అంగడిలోను దొరకును. 15 వోల్టులది మాత్రము చెన్నపట్టణపు రిచీ వీధిలో అంగడి అంగడికి తిరిగినను మాకు దొరకలేదు. అంతట 3 వోల్టుల బిళ్ల బ్యాటరీలు ఐదింటిని వరుసగా కూర్చి 15 వోల్టులు సమకూర్చితిమి. ఆ శ్రేణిలో పారు విద్యుత్తు స్వల్పము గనుక అవి చాలినవి. ఇచట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ బిళ్లలను పసిపిల్లలు మ్రింగినచో ప్రాణాపాయము. ఇండ్లలో వారికి అందకుండ దాచుడు.

పిదప అసలు చిక్కు బయలుపడెను. 24 వోల్టుల సరఫరాను 100 వోల్టుల శ్రేణిలో కొలువగా ముల్లు 22 దాటి కొంచెము పోయి ఆగెను. పనిచేయని మీటరు కంటె తప్పు చెప్పు మీటరు ప్రమాదకరము. "ముసలిదైనది, ముల్లుకు బలము తగ్గినది" అని మేము తీర్పు చెప్పితిమి. అయస్కాంతము నడుమ తీగచుట్ట తిరుగు భాగమును విప్పుటకు స్క్రూడ్రైవరు చేతబట్టితిమి. అది సుకుమారమైన భాగము. దానిలో ఇనుపరజను చేరినచో మరల బాగుచేయుట మావంటివారి వలన కాదు.

అంతలో ప్రక్కన నిలిచియున్న తొమ్మిదవ తరగతి బాలిక, "సార్, 25 శ్రేణిలో పెట్టి చూడలేదు గదా?" అనెను.

మేము సిగ్గుపడితిమి. మీట త్రిప్పి 25 వోల్టుల శ్రేణిలో చూచితిమి. ముల్లు సరిగా 24 చూపెను. ముల్లుకే బలము తగ్గియుండిన రెండు శ్రేణులలోను తగ్గవలెను గదా! ముల్లు నిర్దోషి.

ఆపైన త్రోవ సులభమయ్యెను. ఈ మీటరులో వోల్టు ఒక్కింటికి 20,000 ఓముల నిరోధ ముండవలెను. 25 వోల్టుల శ్రేణికి 5 లక్షలు, 100 వోల్టుల శ్రేణికి 20 లక్షలు. అనగా మీట త్రిప్పినపుడు అదనముగ చేరునది 15 లక్షల ఓముల నిరోధకము. దాని ఒక కొనను విప్పి కొలువగా 16 లక్షల 60 వేలు తేలెను. పాత కార్బను నిరోధకములకు కాలము వలనను తేమ వలనను ఓములు పెరుగుట కలదు. నిరోధము పెరిగిన కొలది ముల్లు తక్కువ చూపును. ఆ పాత నిరోధకమునకు బదులు, నూటికి ఒక వంతుకు మించి తేడా లేని నేటి లోహపుపొర నిరోధకమును అతికితిమి. దాని వెల కొద్ది రూపాయలే. ముల్లు 24 వద్ద నిలిచెను. తీసివేసిన భాగమును కవరులో నుంచి, తేది వ్రాసి, మీటరుతోనే భద్రపరచితిమి. మా తరువాత దీనిని విప్పువారికి మేమేమి మార్చితిమో తెలియవలెను. ఇంత చేసినను, ఇంటి కరెంటును దీనితో కొలువనీయము. నేటి భద్రతకు ఈ పాత పరికరము చాలదు. తరగతిలోని బ్యాటరీలకే దీని వాడుక.

ఇది మీకు చెప్పుటకు కారణము కలదు. ఆ బాలిక పేరు చెప్పము. అంతకు ముందు పరీక్షలో భౌతికశాస్త్రమున ఆమెకు వచ్చిన మార్కులు తక్కువ. "ఈ పిల్లకు ఈ శాస్త్రము పట్టుబడదు" అని మేమే అనుకొంటిమి. మీటరుపై మేము చెప్పిన తీర్పు వంటిదే ఆ మాట కూడ.

మన బిడ్డలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, ప్రశ్నపత్రములో ఆంగ్లము. లెక్క తప్పినపుడు, రానిది లెక్కయా, ప్రశ్నలోని భాషయా యని విచారింపకయే "వీనికి చదువు రాదు" అనెదము. ఆ లెక్కనే తెలుగులో చెప్పి, తిరిగి చేయించి చూడుడు. దోష మెచట నున్నదో అపుడు తెలియును. ఈ యేటినుండి తక్కువ మార్కులు వచ్చిన ప్రతి బిడ్డ విషయమున మేము మొదట ఆ పరీక్ష చేయుదుము. మీరును ఇంట నట్లే చేయవలెనని ప్రార్థించుచున్నాము.

మీటరు ప్రయోగశాల బల్లపై నున్నది. సభ ముగిసిన పిదప దయచేసి చూడుడు. పిల్లలు మీకు చూపింతురు.